రోగి వేషం

మా ఇంట్లో అనుమానం నా వాటా. మా ఆయన శేషన్నకు బేతంచెర్లలో బండలకు పాలిష్ పట్టే చిన్న ఫ్యాక్టరీ ఉంది. బండ ఎంత నున్నగా మెరిసినా, లారీకి ఎక్కించే ముందు నేను వెళ్లి వేలి కణుపుతో తట్టి చూడాల్సిందే. ఖంగుమంటే మంచి బండ. మొద్దుగా పలికితే లోపలెక్కడో పగులున్నట్టు. అలాంటిది పైకి అద్దంలా ఉంటుంది, లారీ దిగేసరికి రెండు ముక్కలవుతుంది. ఆ చెవి నాకుందని మా ఆయన పదిమందికీ గొప్పగా చెప్పుకుంటాడు. అదే చెవిని ఇంట్లో వాడితే మాత్రం "నీకు అనుమానపు రోగం" అంటాడు.

పోయిన ఎండాకాలం ఆ రోగం బాగా ముదిరింది. కారణం మా తనూజ.

తనూజ మాకు ఒక్కతే కూతురు. డిగ్రీ అయ్యాక యూనివర్సిటీలో నాటకం చదువుతానంది. థియేటర్ ఆర్ట్స్ అంటారట దాన్ని. మా ఆయనకు నాటకమంటే తెలిసింది ఒకటే. జాతరకు ముందు ఊళ్లో రైతులు ఆర్మోనియం మాస్టర్ని పెట్టుకొని నెలల తరబడి పద్యాలు నేర్చుకోవడం, ఆడవేషాలకు ఎక్కడినుంచో ఆర్టిస్టులను పిలిపించుకోవడం. కుర్రతనంలో ఆయన కూడా భటుడి వేషం కట్టాడు. ఉన్నది ఒక్క మాట, అదీ మరిచిపోయాడు.

"అది చదివితే ఏమయితావు?" అని అడిగాడు కూతుర్ని.

"శానా ఉండాయి నాయనా. బడుల్లో పిల్లోళ్లకు నాటకంతో పాఠాలు చెప్పొచ్చు. రేడియోలో చేయొచ్చు. స్టేజీకి లైట్లు పెట్టే పని ఉండాది..."

"లైట్లు పెట్టేకి యూనివర్సిటీ ఏంటికి? మన దాసన్న లేడా? పెండ్లి పందిట్లో ఎంత బాగా పెడతాడు!"

దాసన్న మా ఫ్యాక్టరీకి కరెంటు పని చేసే మనిషి. ఆ మాటకు తనూజ నవ్వింది గానీ పట్టు విడవలేదు. రెండు పూటలు అన్నం మానేసింది. చివరికి మా ఆయనే దిగివచ్చాడు, కానీ ఒక షరతు పెట్టాడు.

"పో. చదువుకో. నీ గురించి బయటినుంచి ఒక్క మాట నా చెవిన పడిందనుకో, ఆ దినమే మూటాముల్లె సర్దుకోని ఇంటికి రావాల. మల్ల ఆ చదువు పేరెత్తగూడదు."

తనూజ సరేనంది. ఆ సరే అనడంలో వణుకు నాకు వినిపించింది. దానికి ఆ చదువు ప్రాణమని ఆరోజే తెలిసింది నాకు. ఒక్క మాట పడకుండా కాయడం నా పని అనుకున్నాను.

మొదటి సంవత్సరం అయ్యాక ఎండాకాలం సెలవులకు ఇంటికి రానంది. కర్నూలులో ఏదో కాలేజీలో నేర్పించే పని దొరికిందట, హాస్టల్లో ఉంటుందట, ఆదివారాలు మాత్రం వస్తుందట. "ఏం నేర్పిస్తావే?" అంటే "అది బయట చెప్పగూడదమ్మా, వాళ్లకు పరీక్షలు చెడిపోతాయి" అంది. నేర్పించేది చెప్పకూడని చదువు ఎక్కడైనా ఉందా? అప్పటినుంచే నా వేలి కణుపు దురద పెట్టడం మొదలైంది.

ఆదివారం డోన్ మీదుగా వచ్చేది. వచ్చిందంటే నన్నే చూస్తూ కూర్చునేది. నేను రోటి దగ్గర నుంచి ఎలా లేస్తున్నానో, నీళ్ల బిందె దించి ఎక్కడ చెయ్యి పెట్టుకుంటున్నానో, అన్నీ. ఒకరోజు ఉన్నట్టుండి అడిగింది.

"అమ్మా, రక్తం ఎక్కువ పోతే తల తిరుగుతాదా, కండ్లు బైర్లు కమ్ముతాయా?"

"ఎవురికి?"

"ఊరికే అడిగినాలే."

ఊరికే అడిగే ప్రశ్నా అది? కాసేపాగి పచ్చి మామిడికాయ ముక్కలకు ఉప్పూ కారం అద్ది గిన్నెతో ముందు పెట్టాను. పరీక్షకే పెట్టాను, దాచడమెందుకు? గిన్నె ఖాళీ చేసి "ఇంగ ఉండాయా?" అంది. వేసవిలో పచ్చి మామిడికాయ తినని ఆడపిల్ల రాయలసీమలో పుట్టలేదని ఆ క్షణంలో నాకు తోచలేదు. మంచమెక్కి గోడవైపు తిరిగి పడుకున్నాను.

నాకూ ఏడాదిగా కడుపు బాగుండటం లేదు. మా ఆయన వెంటబెట్టుకొని ఆర్‌ఎంపీ దగ్గరికి తీసుకెళ్లేవాడు. ఆ విషయంలో మనిషిని తప్పుపట్టలేను, బండల లోడు ఆపుకొని మరీ వచ్చేవాడు. అయితే నేను నోరు తెరిచేలోపే చెప్పేసేవాడు. "దానికేముండాది సార్, గ్యాసు. కారం ఎక్కువ తింటాది. ఒక సూది ఏస్తే సరిపోతాది." సూది పడేది. సెలవుల్లో ఉన్నప్పుడు తనూజ కూడా రెండు మూడుసార్లు మా వెంట వచ్చింది. మా వైపు అది మామూలే. ఆడమనిషి రోగం చెప్పేది మొగుడే. నాకూ అందులో ఒక సుఖం ఉండేది. చెప్పుకోలేని సంగతులు పరాయి మొగవాడి ముందు చెప్పే అవస్థ తప్పేది.

ఆ తరువాతి ఆదివారం తనూజ స్నానానికి వెళ్లినప్పుడు, ఉతకాల్సిన బట్టల కోసం దాని బ్యాగు విప్పాను. నేతచీర ఒకటి. దాని మడతలో కాగితం పొట్లం. పొట్లంలో ఒక జత మెట్టెలు, నల్లపూసల దండ, పసుపుతాడు.

చీర ఎలా ఉందో అలాగే మడిచి పెట్టేశాను. స్నానం చేసి వచ్చిన పిల్ల తల తుడుచుకుంటుంటే దాని కాలి వేళ్లు చూశాను. రెండో వేలి మీద మెట్టె ఒరిసిన గుర్తు ఎర్రగా ఉంది. అడుగుదామనుకున్నాను. అడిగితే జవాబు వస్తుంది కదా, ఆ జవాబుకు భయపడి ఊరుకున్నాను.

మంగళవారం ఎదురింటి ప్రేమమ్మ వచ్చింది. కొంగు నోటికడ్డం పెట్టుకొని వచ్చిందంటే ఎవరి కొంపో అంటుకున్నట్టే.

"శివక్కా, చెప్పాల్నో వద్దో తెల్దు. నేను చెప్పినానని మాత్రం అనొద్దు. మా కోడల్ని చూపియ్యను కర్నూలు పోయింటి గదా, ఊరి బయట మెడికల్ కాలేజీకి. ఆడోళ్ల ఓపీ పక్క వరండాలో మీ పాపను చూస్తి. చీర కట్టుకోనుండాది, మెడలో నల్లపూసలు. కడుపు పట్టుకోని ఏడుస్తాండాది. పక్కన ఎవురో పిల్లోడు, చెయ్యి పట్టుకోని లోపలికి తోలకపోయినాడు."

"మా పాప యూనివర్సిటీలో ఉండాది. నువ్వు చూసింది ఇంకెవురినో" అని బొంకాను.

"అయితే సరేలేక్కా" అని వెళ్లిపోయింది. ప్రేమమ్మ "సరేలే" అంటే ఊరంతా చాటుతుందన్నట్టు. ఆ మాట మా ఆయన చెవికి చేరేలోపు నిజమేదో నాకు తెలియాలి. చేరిందంటే పిల్ల చదువు అక్కడితో సరి.

మరుసటి రోజు పొద్దున్నే, చీరలు తెచ్చుకోవాలని చెప్పి కర్నూలు బస్సెక్కాను. ఆ ఎండలో చీరలేమిటని ఆయన అడగలేదు. అనుమానం ఆయన వాటా కాదు కదా.

ఆ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో, ఆడవాళ్ల ఓపీ పక్క వరండాలో, స్తంభం చాటున నిలబడ్డాను. ఎంతోసేపు కాలేదు. వచ్చింది నా కూతురు. నేతచీర, నల్లపూసలు, మెట్టెలు. ఎడమచేత్తో నడుము పట్టుకొని, కుడికాలు కొంచెం ఈడుస్తూ నడుస్తోంది. పక్కన తెల్లచొక్కా చేతులు మడిచిన కుర్రాడు. ఇద్దరూ ఒక గదిలోకి వెళ్లారు. నేను ముందూ వెనుకా చూడకుండా తలుపు తోసుకొని లోపలికి పోయాను.

లోపల ఒక బల్ల. బల్ల వెనక కుర్చీలో తెల్లకోటు వేసుకున్న అమ్మాయి. ఎదురుగా తనూజ, ఆ కుర్రాడు. గోడవారగా మరికొందరు తెల్లకోట్ల పిల్లలు, వాళ్ల మధ్య కళ్లద్దాల పెద్దావిడ. ఆమె నన్ను చూసి, ఎవరో స్టాఫ్ మనిషనుకున్నట్టుంది, నోటిమీద వేలు పెట్టి బెంచీ చూపించింది. కూర్చున్నాను. తనూజ వీపు నావైపు ఉంది.

"ఏమ్మా, ఏం బాధ నీకు?" అని అడిగింది తెల్లకోటు అమ్మాయి.

తెల్లచొక్కా కుర్రాడు ముందుకు వంగాడు. "దానికేముండాది మేడమ్, గ్యాసు. కారం ఎక్కువ తింటాది. ఒక సూది ఏస్తే సరిపోతాది."

మాట మాత్రమే కాదు, ఆ చెయ్యి ఊపడం కూడా మా ఆయనదే. తనూజ తలెత్తలేదు. కొంగు చివర ఎడమచేతి వేళ్లకు చుట్టుకుంటూ గోడమీది క్యాలెండరు వైపు చూస్తోంది. ఆర్‌ఎంపీ దగ్గర నేను చూసేది క్యాలెండరే.

తెల్లకోటు అమ్మాయి ఏవో మాత్రలు చెప్పి పంపేసింది. పెద్దావిడ లేచింది. తరువాత తెలిసింది, ఆమె కృపారాణి, ఆ పిల్లలకు నేర్పే డాక్టరు.

"రోగి ఒక్క మాటన్నా మాట్లాడిందా?" అని అడిగింది పిల్లల్ని. "లేదు గదా. మరి నువ్వు వైద్యం చేసింది ఎవురికమ్మా? మొగునికా? ఆయనకేం రోగం లేదే! బసవరాజ్, నువ్వు రా."

బసవరాజ్ అనే సన్నటి పిల్లవాడు కుర్చీలో కూర్చున్నాడు. అదే ప్రశ్న, అదే గ్యాసు జవాబు. అతను తల ఊపి, "అట్లనే అన్నా. బయట బీపీ చూస్తాండారు, తోడు వచ్చినోళ్లు గుడక చూపించుకోవాల. పోయిరాపో" అన్నాడు. తెల్లచొక్కా మొగుడు గొణుక్కుంటూ బయటికి పోయాడు. బసవరాజ్ కుర్చీ కొంచెం ముందుకు జరుపుకొని ఏమీ అడగకుండా ఊరుకున్నాడు.

చాలాసేపటికి తనూజ నోరు విప్పింది. గొంతు దానిది కాదు.

"నెలకు రెండుసార్లు అయితాది సార్. బట్టలు తడిసిపోతాయి. ఎవురూ లేవకముందే లేచి ఉతికి, గొడ్ల కొట్టం వెనక ఆరేస్తా. బండలు తట్టేకి వంగితే లేచేకి కాదు. ఇంట్లో చెప్పలేదు. చెప్తే పిల్ల చదువు మాని వస్తాదని."

ఈ సంగతులు నేను దేవుడికి కూడా చెప్పలేదు.

పాఠం అయిపోయింది. తనూజ వెనక్కి తిరిగింది, నన్ను చూసింది. ఏడుపు ముఖం అలాగే ఉంది గానీ కళ్లు మాత్రం నా కూతురివయ్యాయి.

క్యాంటీన్లో కూర్చున్నాం. తెల్లచొక్కా కుర్రాడు భూపేష్, తనూజ క్లాసువాడే, రెండు టీలు తెచ్చిపెట్టి "నమస్తే ఆంటీ" అని దూరంగా వెళ్లి కూర్చున్నాడు. వాడి మీద అనుమానం అంత తొందరగా పోలేదు, కానీ తరువాత చూద్దామని పక్కన పెట్టాను.

"ఇదేనమ్మా నా పని. రోగి వేషం. నిజం రోగుల దగ్గర తప్పు చేయకముందే మా దగ్గర చేసి నేర్చుకుంటారు. చదువు అయిపోతానే ఈడనే ఉద్యోగం ఇస్తామంటాండారు."

"మెట్టెలు?"

"మేకప్పు డబ్బాలోవి. బిగుతుగా ఉండాయి, వేళ్లు కోసుకుపోతాండాయి." అంతలోనే దానికి అర్థమైంది. "అమ్మా! నువ్వేమనుకుంటివి?"

నేను టీ తాగాను. "అవి ఇడువు. నా సంగతి నీకెవురు చెప్పినారు?"

"ఎవురూ చెప్పలేదు. మొదటి సంవత్సరమంతా మాకు మనుషుల్ని చూసేదే నేర్పిస్తారు. నేను నిన్ను చూస్తి." టీ గ్లాసు పక్కకు జరిపి, "కృపారాణి మేడమ్‌కు చూపించుకుందువు రా అమ్మా. ఈడికి వచ్చినావు గదా" అంది.

"గ్యాసే లేవే" అని లేచాను. దానికి దొరికిపోయినందుకు కోపం, సిగ్గు, ఇంకేదో తెలియని సంతోషం, అన్నీ ఒకేసారి వచ్చాయి. తిరుగు బస్సులో కొంగు కప్పుకొని ఏడ్చాను.

నేను ఇంటికి చేరేసరికే ప్రేమమ్మ సరేలే ఊరు చుట్టి మా ఫ్యాక్టరీ దాకా వచ్చింది. మా ఆయన వసారాలో నిలబడి ఉన్నాడు. ముఖం మీది బండల దుమ్ము కూడా కడుక్కోలేదు.

"పిల్లను రమ్మను. సాలు ఆ చదువు."

"అది వేషం. డాక్టర్లకు నేర్పిస్తాండాది. నేను కండ్లారా చూసి వస్తి."

"ఎవురు నమ్ముతారే! మెడలో నల్లపూసలేసుకోని, మొగపిల్లోని పక్కన... ఊర్లో అందరూ అడుగుతాండారు. నేను మాట ముందే చెప్పినా. రేపు నేనే పోయి పిలుచుకోని వస్తా."

గట్టిగా ఏదో అనబోయాను, కడుపులో మెలిపెట్టింది. గడప మీద కూలబడ్డాను. ఆయన పరుగున వచ్చి లేపి నీళ్లు తాగించాడు. నిజంగానే కంగారుపడ్డాడు, ఆ ముఖం ఇప్పటికీ గుర్తుంది. అయినా నోటికొచ్చింది అదే. "ఈ గ్యాసు నిన్ను ఇడిసేట్టు లేదు. రేపు నువ్వూ రా. అదీ ఆసుపత్రే గదా, పన్లో పని సూది ఏపిచ్చుకోని, పిల్లను తోడుకోని వద్దాము."

మర్నాడు మేము వెళ్లేసరికి తనూజ ఇంకా క్లాసులో ఉంది. ముందు నా పని చూసుకుందామన్నాడు. ఆడవాళ్ల ఓపీలో, ముందుగా రోగి వివరాలు రాసుకునే కుర్చీలో ఉన్నది బసవరాజ్. ముందురోజు బెంచీ మీద కూర్చున్న నన్ను అతను గుర్తుపట్టాడో లేదో తెలియలేదు.

"ఏమ్మా, ఏం బాధ?"

నేను నోరు తెరిచేలోపే మా ఆయన ముందుకు వంగాడు. చెయ్యి ఊపాడు. "దానికేముండాది సార్, గ్యాసు. కారం ఎక్కువ తింటాది. ఒక సూది ఏస్తే సరిపోతాది."

బసవరాజ్ రాస్తున్న కలం ఆపాడు. ఆయన్ని చూశాడు, నన్ను చూశాడు. వెనక గదిలో కృపారాణి మేడమ్ ఉన్న తలుపువైపు చూశాడు. అతని పెదవి చివర నవ్వు మొలిచింది.

"అట్లనే అన్నా. బయట బీపీ చూస్తాండారు. తోడు వచ్చినోళ్లు గుడక చూపించుకోవాల. పోయిరాపో."

మా ఆయన గొణుక్కుంటూ బయటికి పోయాడు.

బసవరాజ్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. నర్సుకు వినబడకుండా, "మాకు చెప్పకుండా మేడమ్ టెస్టు పెట్టినారా ఆంటీ? నిన్న బెంచీ మీద కూర్చోనింటిరి మీరు. మీ ఆయన వేషం వేసినాయన ఎవురు గానీ, భూపేష్ కంటే బాగా చేసినాడు!" అన్నాడు.

కాదు నాయనా, నిజమే అని చెప్పొచ్చు. చెబితే ఏమవుతుంది? నిజం రోగిని కాబట్టి మళ్లీ క్యాలెండరు చూడాలి. అతను వేషమనుకుంటున్నాడు. వేషానికి సిగ్గు లేదు. కొంగు వేళ్లకు చుట్టుకోవడం మానేసి, అతని ముఖంలోకి చూస్తూ మొత్తం చెప్పాను. తనూజ చెప్పినవన్నీ చెప్పాను, దానికి కూడా తెలియనివి చెప్పాను. బరువు తగ్గింది, కడుపు మాత్రం పెరిగింది, భయమేస్తోంది అని కూడా చెప్పాను. ఇన్నేళ్లలో నా ఒంటి గురించి నా నోటితో చెప్పుకోవడం అదే మొదలు.

"శానా బాగా చెప్పినారు" అన్నాడతను, పరీక్ష రాసే పిల్లవాడిలా సంబరంగా. నర్సును పిలిచి నన్ను బల్లమీద పడుకోమన్నాడు. పొత్తికడుపు మీద వేళ్లు ఆనించి, వాటి మీద రెండో చేతి వేలితో తట్టాడు. అచ్చం నేను బండను తట్టినట్టు. ఒకచోట తట్టాడు, పక్కన తట్టాడు. మళ్లీ మొదటిచోటికి వచ్చాడు. నాకు అతని చేతి చప్పుడు వినపడుతోంది. మొద్దుగా పలికింది.

అతని ముఖంలో నవ్వు లేదు.

"అమ్మా" అన్నాడు, ఆంటీ అనలేదు. "మీది... వేషం కాదా?"

"కాదు నాయనా."

"మేడమ్!" అని అరిచాడు లోపలి గదివైపు.

స్కానింగ్ అయ్యాక కృపారాణి మేడమ్ గర్భసంచిలో పెద్ద గడ్డ ఉందని, రక్తం ఎక్కించి ఆపరేషన్ చేయాలని, ముక్క పరీక్షకు పంపాలని మా ఆయనకు చెప్పింది. ఆయన చేతిలో బీపీ చీటీ ఉంది. ఎవరో పిలిచినట్టున్నారు, తనూజ నల్లపూసలతో, మెట్టెలతో పరుగెత్తుకుంటూ వచ్చింది. పిల్లను వెంటబెట్టుకొని పోదామని వచ్చిన మనిషి, ఆ నల్లపూసల వైపు చూసి కూడా చూడనట్టే ఉండిపోయాడు.

"సంవత్సరం నుంచి సూదులేపిస్తాండా సార్" అన్నాడు బసవరాజ్‌తో. "ఒక్కరూ చెప్పలేదు. నువ్వెట్ల కనుక్కుంటివి?"

పిల్లవాడు తనూజ వైపు చూశాడు, చెప్పనా వద్దా అన్నట్టు. "ఆమెతో మాట్లాడితే తెలిసింది అన్నా. మొగుడు గ్యాసని చెప్తే ముందు మొగుణ్ని బయటికి పంపియ్యాలని మాకు మీ పాపే నేర్పించింది."

మా ఆయన బీపీ చీటీని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

తొలకరి పడేనాటికి ఆపరేషన్ అయింది. గడ్డ చెడ్డది కాదని రిపోర్టు వచ్చింది. ప్రేమమ్మ పండ్లు పట్టుకొని చూడ్డానికి వచ్చి, మంచం పక్కన ఉన్న తనూజను ఎగాదిగా చూసి, "పాప ఇంగ ఇంటికాడనే ఉంటాదేమో గదన్నా?" అని మా ఆయన్ని అడిగింది.

ఆయన జవాబు ఆమెకు చెప్పలేదు. కూతురివైపు తిరిగి, "యూనివర్సిటీ సోమవారం తెరుస్తారంటివి గదా. మూటాముల్లె సర్దుకో మరి" అన్నాడు.

ఆ మాటలో పగులేమైనా ఉందేమోనని నేను చెవి రిక్కించాను. పాత అలవాటు. దొరకలేదు.

ప్రేమమ్మ వెళ్లిపోయాక ఆయన గొంతు తగ్గించి కూతుర్ని అడిగాడు. "ఆ భూపేష్ పిల్లోడు... నా వేషం బాగా చేస్తాడా?"

"నీ అంత బాగా కాదు నాయనా. నీకు అన్ని మాటలూ గుర్తుంటాయి" అంది తనూజ.

అప్పుడే నర్సు వచ్చి నా మంచం దగ్గర ఆగి, నొప్పి ఎలా ఉందని అడిగింది. మా ఆయన అలవాటు కొద్దీ ముందుకు వంగాడు, చెయ్యి కూడా లేచింది. అంతలోనే ఆ చెయ్యి దించుకొని, నోరు మూసుకొని నావైపు చూశాడు.

నేను తొందరపడలేదు. దిండు సరిచేసుకొని, నిదానంగా చెప్పడం మొదలుపెట్టాను.